బిగ్ డేటా పరిశోధనకు నిధులు – మన సంఘపు సంతకము

గత మాసమున మన సంఘ కార్యాలయమునకు ఒక లేఖ వచ్చినది. మూడు రాష్ట్రములలోని కొన్ని పరిశోధనా సంస్థలు కలిసి, తుంగభద్రకు ఇరు దరులనున్న మెట్టపొలముల వివరములను ఒకచోట చేర్చి పరిశీలింప సంకల్పించి, అందులకు కావలసిన ద్రవ్యమునకై విన్నపము సిద్ధపరచుచున్నవట. ఆ విన్నపముతో జతపరచుటకు మన సంఘము సహకార పత్రమొకటి ఇయ్యవలెనని కోరిరి. పత్రమును కూడ వారే వ్రాసి పంపిరి. క్రింద సంతకమునకు మాత్రము చోటు విడిచిరి. కార్యదర్శిగారు దానిని మాకు చూపి, సంతకము చేయవచ్చునా యని అడిగిరి. పాలకవర్గములో ఒకరు "మనకు పోయేదేముంది, చేసి పంపండి" అనిరి. మరియొకరు "మన అప్పుల లెక్కలు ఎవరి చేతికో పోతాయి, వద్దు" అనిరి. ఇరువురి మాటలలోను కొంత నిజము కలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతి చర్చకు రానున్నది గావున, సభ్యులు దీనిని ముందుగా తెలిసికొని వచ్చుట మంచిదని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట పేరును గూర్చి. "బిగ్ డేటా" అనునది వినుటకు క్రొత్తగా నున్నను, వస్తువు క్రొత్తది కాదు. డేటా అనగా దత్తాంశము. చూచి, కొలిచి, వ్రాసియుంచిన వివరము. ఒక రైతు తన పొలమున ఎన్నడు విత్తెనో, ఎంత పండెనో వ్రాసికొనిన అది యొక దత్తాంశము. అట్టివి పలు ఊళ్లవి, పలు సంవత్సరములవి, పలు విధములవి, వాన లెక్కలు, భూసార పరీక్షలు, ఉపగ్రహములు తీసిన పటములు, మార్కెట్టు ధరలు, అన్నియు లక్షల కొలదిగా ఒకచోట చేరినప్పుడు మనిషి కూర్చుండి కాగితముపై లెక్కింపజాలనంత రాశి యగును. ఆ రాశిని యంత్రసాయమున జల్లించి అందలి పోలికలను వెలికిదీయుటయే ఈ పని. కళ్ళములో తూర్పారబట్టుట వంటిదే యనుకొనవచ్చును. గాలివాలు తెలియనివాడు చేట పట్టినచో గింజ పోయి పొట్టు మిగులుట ఇక్కడను కలదు.

మేము మిషను బడిలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులొకరు బడి ఆవరణమున వర్షమాపకమును పాతించి, ప్రతి దినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు దానిని చూచి పుస్తకమున వ్రాయు పనిని మా తరగతికి ఒప్పగించిరి. ఆదివారమునాడు సైతము ప్రార్థనకు పోవుటకు ముందు ఒకడు పోయి చూచి రావలసినదే. ఆ పుస్తకము మా ఊరికి ఉపయోగపడినది. ప్రక్క ఊరికి ఉపయోగపడలేదు. ఏలయన మా బడిలో రెండంగుళముల వాన పడిన నాడు, రెండు కోసుల దూరమున పొలములలో దుమ్ము లేచుచుండెడిది. మెట్టసీమ వాన సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. పది మండలముల పుస్తకములు ప్రక్కప్రక్కన పెట్టినగాని దాని నడక కొంచెమైనను తెలియదు. ఇది ఈ జిల్లా, అది ఆ రాష్ట్రము అను భేదము మబ్బుకు లేదు, గులాబిరంగు పురుగుకు లేదు. ఆఫీసులకు మాత్రము కలదు. కావుననే ఇట్టి పనికి ప్రాంతము ప్రాంతమంతయు కూడవలసి వచ్చుచున్నది.

ఇది మాటవరుసకు చెప్పుట కాదు. మనకు దాపుననున్న దేవనకొండ మండలమున 2016వ సంవత్సరములో జరిగినది చూడుడు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు, మైక్రోసాఫ్ట్ కంపెనీవారు, ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు, రాష్ట్ర ప్రభుత్వమువారు కలిసి ఆ ప్రాంతపు ముప్పది సంవత్సరముల వాతావరణ వివరములను, 1986 మొదలు 2015 వరకు గలవానిని, లెక్కించి, వేరుశనగ విత్తుటకు నేలలో పదును ఏ వారమున చాలినంత యుండునో తేల్చిరి. జూన్ ఆరంభమున గొర్రు కట్టు అలవాటు గలవారిని, నెల చివరి వరకు ఆగుడని తెలుగున ఫోను సందేశములు పంపి కోరిరి. మన మాటలో చెప్పవలెనన్న మృగశిర విడిచి ఆరుద్రలో విత్తుడనుట. 175 మంది రైతులు ఈ పరీక్షలో చేరిరి. ఫలసాయము సగటున నూటికి 30 వంతులు హెచ్చినదని ఇక్రిశాట్ వారు ప్రకటించిరి. మరుసటి సంవత్సరము ఆంధ్రప్రదేశమునను కర్ణాటకమునను మూడువేలకు పైబడిన రైతులకు దీనిని విస్తరింపగా పంటలను బట్టి 10 మొదలు 30 వంతుల వరకు హెచ్చు కనిపించినదనిరి. ఒక యేటి ఫలితమును పట్టుకొని ఎగురరాదని మేము ఎల్లప్పుడును చెప్పుచుందుము. ఇక్కడను అదియే చెప్పుదుము. అయినను రైతు చేతినుండి అదనముగా పైసా పోకుండ, విత్తు దినము మార్చుటచేతనే ఇంత మేలు కలుగవచ్చునని తెలియుట చిన్న సంగతి కాదు.

రైతుల సంఘమే తన లెక్కలను తెచ్చి పరిశోధకుల ముందుంచిన ఉదాహరణము ఒకటి దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున కలదు. మన విషయమునకు అది మరింత దగ్గర. అక్కడ వరి పండించువారికి ఫెదెఅర్రోజ్ అను జాతీయ సంఘము కలదు. కొంతకాలము క్రిందట ఐదారు సంవత్సరములలో అచ్చటి వరి దిగుబడి హెక్టారుకు ఆరు టన్నులనుండి ఐదు టన్నులకు పడిపోయినది. కారణము ఎవరికిని తెలియదు. సంఘమువారు తాము ఏండ్ల తరబడి వ్రాసియుంచిన విత్తిన తేదీలు, కోతల లెక్కలు, సర్వేలు అన్నియు ఇక్రిశాట్‌కు సోదర సంస్థయైన సియాట్ వారికి చూపిరి. వారు వాతావరణ వివరములతో వానిని జోడించి చూడగా, ఒకే తొలీమా రాష్ట్రములోని రెండు చోట్ల రెండు వేర్వేరు కారణములు బయటపడినవి. సల్దాన్యా అను చోట గింజ పాలుపోసికొని గట్టిపడు దినములలో ఎండ చాలకపోవుట. ఎస్పినాల్ అను చోట రాత్రివేళ వేడిమి హెచ్చుట. కావున అచటి రైతుకు చెప్పవలసిన సలహా ఇచటి రైతుకు పనికిరాదు. మరియు కోర్దొబా అను ప్రాంతమున 2014లో తొలి పంటకాలమున అనావృష్టి రానున్నదని గ్రహించి, విత్తవలదని 170 మంది రైతులకు సంఘమే చెప్పినది. అందువలన తప్పిన నష్టము సుమారు 36 లక్షల డాలర్లని అంచనా వేసిరి. ఆ యేడే ఐక్యరాజ్య సమితివారు ఈ పనికి బహుమానమిచ్చిరి.

ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటి కలదు. కొలంబియాలో యంత్రములు పరిశోధకులవి. లెక్కలు రైతుల సంఘమువి. లెక్కలు లేనిదే యంత్రము వట్టి ఇనుము. అట్లే విన్నపములు పెట్టు సంస్థలకు మన సంఘపు పత్రము కావలసివచ్చుటకు కారణము కూడ ఇదియే. 2022 జూన్ మాసమున కేంద్ర ప్రభుత్వమువారు దేశములోని సుమారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను ఒకే తీరున కంప్యూటరులోనికి ఎక్కించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిరి. ఎలుకలు కొట్టుచుండిన మన దస్త్రములకు దీనివలన విలువ ఏర్పడినది. విలువగల వస్తువును అడిగినవాడు ఏమి ఇచ్చునో తెలిసికొనుట తప్పు కాదు.

ఇక నిధులు ఇచ్చువారి తీరు. దీనికి అమెరికావారి పద్ధతిని కొంచెము వివరింతుము; ఏలయన ప్రాంతీయముగా కూడి ఈ పనికి ద్రవ్యము కోరు విధానమును వారు స్పష్టమైన నియమములతో నడిపిరి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారు 2015 నవంబరులో దేశమును నాలుగు ప్రాంతములుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక బిగ్ డేటా కేంద్రమును ఏర్పరచిరి. ఆ కేంద్రములకు హబ్ అని పేరు. అనగా చక్రపు నాభి. మధ్యపశ్చిమ ప్రాంతపు కేంద్రము ఇల్లినాయి విశ్వవిద్యాలయము నాయకత్వమున నుండెను. వ్యవసాయము దాని ముఖ్య విషయములలో ఒకటి. మరుసటి యేడు ఆ నాభికి ఆకులు తొడిగిరి. స్పోక్ అనబడు ఒక్కొక్క ఆకు ఒక సమస్యను పట్టుకొని పలు సంస్థలు కలిసి చేయు పని. దీనికి పది లక్షల డాలర్ల వరకు గ్రాంటు. ఇంకను సిద్ధము కానివారికి, ముందు కూడి మాటలాడుకొనుటకు, లక్ష డాలర్ల వరకు చిన్న గ్రాంటు. 2016 సెప్టెంబరులో పది పెద్ద గ్రాంటులును పది చిన్న గ్రాంటులును ఇచ్చిరి. మొత్తము కోటి డాలర్లకు పైబడినది. 2019లో ఆ నాలుగు కేంద్రములకే రెండవ విడత ద్రవ్యము లభించెను.

ఈ నియమములలో మాకు నచ్చినవి రెండు. ఆ ప్రాంతపు కేంద్రమువారి సహకార పత్రము లేనిదే విన్నపమును తీసికొనకుండుట ఒకటి. క్రొత్త సిద్ధాంతములు కనిపెట్టుటకు గాక, లెక్కలు గలవారిని లెక్కలు కావలసినవారితో కూర్చుటకే ద్రవ్యమిచ్చుట రెండవది. చిన్న గ్రాంటు కూడ తెలివైన ఏర్పాటే. మన దేశమున ఒక్కసారిగా పెద్ద పథకమును వ్రాసి పెట్టుటయే అలవాటు. పెండ్లిచూపులు లేకయే లగ్నపత్రిక వ్రాయించుట వంటిది అది.

ఇక్రిశాట్, సియాట్ మున్నగు సంస్థల కూటమియైన సి.జి.ఐ.ఎ.ఆర్. వారు కూడ 2017 మొదలు 2021 వరకు వ్యవసాయమునకై బిగ్ డేటా వేదిక నొకదానిని నడిపిరి. ఏటేట పోటీ పెట్టి, నెగ్గిన కూటములకు ఒక్కొక్కదానికి లక్ష డాలర్ల చొప్పున ఇచ్చిరి. అందును ఆ సంస్థలలో ఒకటియు, వెలుపలివారు ఒకరును కలిసి రావలెనని నియమము. మన దేశములో ఇప్పుడు 2023 నాటి చట్టముచే ఏర్పడిన అనుసంధాన జాతీయ పరిశోధన సంస్థ కలదు; 2023 మొదలు 2028 వరకు ఐదేండ్లకు 50,000 కోట్ల రూపాయల అంచనాతో దానిని తలపెట్టిరి. నాబార్డు వారికిని పరిశోధనకై ప్రత్యేక నిధి కలదు. తెలంగాణమున దాతలు, ప్రభుత్వము, స్వచ్ఛంద సంస్థలు కలిసి చేసిన పని యొకటి కలదు: ఖమ్మము జిల్లాలో సాగు బాగు అను పేర ఏడువేల మంది మిరప రైతులతో నడిపిన పథకము. ఎకరపు దిగుబడి నూటికి 21 వంతులు, ధర 8 వంతులు హెచ్చి, పురుగుమందులు 9 వంతులు, ఎరువులు 5 వంతులు తగ్గినవని దానిని నడిపినవారి ప్రకటన. వ్యవసాయ దత్తాంశముల ఇచ్చిపుచ్చుకోళ్లకై అడెక్స్ అను కేంద్రమును హైదరాబాదున 2023 ఆగస్టులో ఆ రాష్ట్రమువారు తెరచిరి.

ఈ నిధులలో ఏది అడిగినను, విన్నపమును చదివి తీర్పు చెప్పువారు చూచునవి దాదాపు ఒకటే. ప్రశ్న స్పష్టముగా నున్నదా? "రైతుల అభ్యున్నతికై దత్తాంశములు సేకరింతుము" అను విన్నపమునకు ద్రవ్యము రాదు, రాకూడదు. "తుంగభద్రకు ఇరు దరుల ఎర్రనేలలలో జూలై తరువాత విత్తిన వేరుశనగ ఏ వర్షపు తీరున నిలుచును, ఏ తీరున చెడును" అను విన్నపమును చదువువాడు కూర్చుండి చదువును. తరువాత, లెక్కలు ఎవరియొద్ద నున్నవి, వారు నిజముగా ఇత్తురా? వానిని ఏ కొలతలో, ఏ పద్ధతిలో ఒకటి చేయుదురు? ఎక్కడ భద్రపరతురు? ద్రవ్యము అయిపోయిన మరునాడు వాని గతి ఏమి? ఈ కడపటి ప్రశ్నకు సరియైన జవాబు వ్రాసిన విన్నపములు బహు తక్కువ.

కొలతల సంగతి చెప్పక విడువజాలము. సుమారు పన్నెండు సంవత్సరముల క్రిందట మేము ఒక పథకమునకై ఊరూరు తిరిగి వేరుశనగ రైతుల వివరములు వ్రాసితిమి. రెండువందల ముప్పది ఇండ్లు. ఆ పథకమునకు ద్రవ్యము తెచ్చిన సంస్థ పేరు ఇక్కడ అనవసరము. మా అచ్చు కాగితమున "ఎకరమునకు ఎన్ని బస్తాలు" అని యుండెను. మేమును అట్లే అడిగి వ్రాసితిమి. నెల గడచిన పిమ్మట ఒక కళ్ళములో కాటా దగ్గర నిలువబడగా మాకు తెలిసినదేమనగా, ఈ ఊరి బస్తా ఆ ఊరి బస్తా కాదు. పచ్చికాయ బస్తా ఎండుకాయ బస్తా కాదు. విత్తిన దినమునకు తేదీ అడుగక "ఏ కార్తె" అని అడిగితిమి. కార్తె అనగా పదమూడు పదునాలుగు దినములు, అందులో మొదటి దినమో కడపటి దినమో ఎవరికి తెలియును? ఏరు దాటి ఆవలికి పోయిన మన సహోద్యోగి నేలను గుంటలలో వ్రాసికొని వచ్చెను. ఈవల మేము సెంట్లలో వ్రాసితిమి. ఎకరమునకు గుంటలు నలువది, సెంట్లు నూరు. కంప్యూటరులోనికి ఎక్కించిన వ్రాయసకాడు రెండింటిని ఒకే వరుసలో నింపెను. నలువది గుంటల పొలము నలువది సెంట్లుగా మారిన పిమ్మట అవతలి దరి రైతులందరును దిగుబడిలో మనలను రెండున్నర రెట్లు మించినట్లు తేలినది! ఆ తప్పులో సగము మాది. అది తెలిసి దిద్దుకొనుటకు కాలము చాలలేదు. ఏలయన మూడు సంవత్సరముల గడువు ముగిసినది, ద్రవ్యము ముగిసినది, కాగితములు మూట గట్టబడినవి.

ఆ మూటనుండి మన ఊళ్లకు ఒక్క ముక్కయు తిరిగి రాలేదు. తరువాత రెండేండ్లకు ఒక ముసలి రైతు సంతలో మమ్ములను ఆపి, "అయ్యా, మీరు రాసుకపోయిన లెక్కలు ఏమాయె?" అని అడిగెను. మేము ఏమియు చెప్పలేకపోతిమి. అప్పటినుండి ఎవరు వివరములు వ్రాసికొని రమ్మనినను ఆ ప్రశ్నయే మాకు మొదట వినబడుచున్నది.

కావున ఇప్పుడు వచ్చిన లేఖలో ద్రవ్యపు పట్టికను మొదట చూచితిమి. యంత్రములకు, ప్రయాణములకు, సమావేశములకు తగినంత కలదు. లెక్కలను ఊళ్లలో సరిచూచి, కొలతలు మార్చి, తప్పులు దిద్దు మనుష్యులకు మాత్రము చాల తక్కువ. ఈ పనిలో హెచ్చు కాలము పట్టునది అదియే. తళుకు లేని పని గనుక దానికి పట్టికలో చోటు దొరకదు. మన ఊళ్లలో చదువుకొని కూర్చున్న పిల్లలు ఉన్నారు. కాటా చూచి వ్రాయుటకు వారికంటె తగినవారు ఎవరు?

ఇక భయపడువారి పక్షము. ప్రభుత్వ ద్రవ్యముతో చేసిన పరిశోధనల దత్తాంశములను తక్కిన పరిశోధకులకును అందుబాటులో నుంచవలెనని నిధులిచ్చువారు నానాటికి గట్టిగా కోరుచున్నారు. పైన చెప్పిన అమెరికా సంస్థవారు 2011 జనవరి మొదలు ప్రతి విన్నపముతోను దత్తాంశములను ఎట్లు భద్రపరచి పంచుకొందురో రెండు పుటలలో వ్రాసి జతపరుపవలెనని నియమించిరి. ఇది మంచి నియమమే. మూటలు మూలబడకుండ చేయును. కాని మన వివరములు ఒకసారి చేయి దాటిన పిమ్మట ఎంత దూరము పోవునో కూడ ఇందువలన తెలియుచున్నది. పేర్లు తీసివేయుదుమని వారు చెప్పుదురు. ఒక ఊరిలో పది ఎకరముల దానిమ్మ తోట వేసినవాడు ఒక్కడే యున్నప్పుడు పేరు తీసివేసినను వాడెవడో తెలియదా? ఏ ఊళ్లో ఎంత పంట రానున్నదో కోతకు ముందే వ్యాపారికి తెలిసినచో ధర మాటలాడునప్పుడు ఎవరి చేయి పైనుండును?

2023లో మన దేశమున వ్యక్తిగత డిజిటల్ దత్తాంశముల రక్షణ చట్టము వచ్చినది. ఒకని వివరములు తీసికొనుటకు అతని సమ్మతి స్వేచ్ఛగా, దేనికొరకో తెలిసి, ఆ పనికి మాత్రమే ఇచ్చినదై యుండవలెననియు, ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చుననియు, కోరినచో ఆ నోటీసును ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అనగా తెలుగునను, చదువుకొను వీలుండవలెననియు అందు కలదు. దాని నియమములు 2025 నవంబరులో, దశలవారీగా అమలునకు తెచ్చు ఏర్పాటుతో ప్రకటింపబడినవి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అదే చట్టమున, పరిశోధనకును గణాంకములకును జరుగు పనికి, ఏ ఒక్క వ్యక్తినిగూర్చియు నిర్ణయము చేయుటకు దానిని వాడనియెడల, నిర్ణీత ప్రమాణముల మేరకు మినహాయింపు కలదు. కనుక చట్టము మనలను అంతటను కాపాడునని ఊరకుండుటకు వీలులేదు. మనకు కావలసిన షరతులను మనమే కాగితముపై పెట్టించుకొనవలెను. అమెరికాలో రైతుల ఫెడరేషనువారును పనిముట్ల కంపెనీలవారును 2014లో కూర్చుండి, పొలమున పుట్టిన దత్తాంశము రైతుదేయని మొదలుగా గల సూత్రములను వ్రాసికొనిరి. అది చట్టము కాదు, ఒప్పుదల మాత్రమే. అడిగినందున వచ్చినది.

మేము కోరదగిన షరతులను కార్యదర్శిగారితో కూర్చుండి ఆలోచించితిమి. విత్తిన తేదీ, రకము, ఎరువు, వాన, దిగుబడి, ఇవి ఇయ్యవచ్చును. ఋణముల ఖాతా, ఆధార్ సంఖ్య, ఫోను సంఖ్య ఇయ్యరాదు. వేరుశనగ ఏల ఎండెనో తెలిసికొనుటకు మన బాకీలతో పని లేదు. సర్వే నంబరునకు బదులు ఊరి పేరు చాలును. ఒక ఊరిలో ఒక పంట వేసినవారు ఐదుగురికి తక్కువయైనచో ఆ ఊరిని ప్రక్క ఊరితో కలిపి చూపవలెను. ప్రతి సభ్యుని సమ్మతి తెలుగున వ్రాసిన కాగితముపై వేరువేరుగా తీసికొనవలెను. సంఘపు తీర్మానము దానికి బదులు కాదు. కౌలు రైతులను విడువరాదు. ఎరువు పద్దు పొలము యజమాని పేర నుండి, నాగలి వేరొకని చేత నున్న చోట్లు మన సంఘములోనే ఎన్ని! అట్టిచోట వివరము ఎవనిదని వ్రాయుదురు? సమ్మతి ఎవనిది? సేద్యము చేసినవానిదేయని మా అభిప్రాయము. దీనిపై సమావేశమున వాదము వచ్చునని ఎరుగుదుము.

కూర్చిన దత్తాంశముల ప్రతి యొకటి మన సంఘమునొద్ద ఉండవలెను. తేలిన ఫలితము విత్తు కాలమునకు ముందే, మే నెల దాటకుండ, తెలుగున మనకు చెప్పవలెను. గడువు ముగిసిన మూడవ యేట ఇంగ్లీషు గ్రంథముగా గాదు. సరిచూచు పనికి మన ఊరి పిల్లలకు కూలి ద్రవ్యపు పట్టికలో చూపవలెను. పథకమును నడుపు సమితిలో మన సంఘపు ప్రతినిధి కూర్చుండవలెను.

సంతకము చేయువారు ఎరుగవలసిన కిటుకు ఇంకొకటి కలదు. ఇట్టి సహకార పత్రములు తరచుగా రెండు మూడు వాక్యములే యుండును. అమెరికా సంస్థవారైతే, విన్నపమున వివరించిన మేరకు సహకరింప మా ఉద్దేశము అను ఒక్క వాక్యమునకు మించి వ్రాయవలదనియే విన్నపములు పెట్టువారికి చెప్పుదురు. మనకు వచ్చిన నమూనా కూడ అట్టిదే. "విన్నపమున వివరించిన మేరకు" అని దానిలోను కలదు. అనగా మన బాధ్యత యేదో పత్రములో లేదు. మనకు పంపని పెద్ద విన్నపములో నున్నది. చూడని దస్తావేజుపై వేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొనిన కథలు మన తాతల నాటినుండి విన్నవే. కావున విన్నపము పూర్తి ప్రతిని తెప్పింపుమని కార్యదర్శిగారికి చెప్పితిమి.

వారు వ్రాసిరి. పదునాలుగు పుటల విన్నపము వచ్చినది. అందులో మన సంఘము "సభ్యుల పూర్తి లావాదేవీల దత్తాంశములను" ఇచ్చునని ఒకచోట ఉండెను. ఋణములు అందులో చేరునా యని అడుగగా, అది తమ తలంపు కాదనియు, మార్చి వ్రాయుదుమనియు మర్యాదగనే జవాబిచ్చిరి. పిల్లల కూలికి, తెలుగున ఫలితములు చెప్పుటకు ఒప్పుకొనిరి. ప్రతి యొకటి మనకిచ్చుటను గూర్చియు, సమితిలో మన ప్రతినిధిని గూర్చియు ఇంకను ఏమియు వ్రాయలేదు. విన్నపము పంపుటకు గడువు నెలాఖరున ముగియును గనుక త్వరపడుమని మాత్రము గుర్తుచేసిరి.

మా మట్టుకు మేము సంతకము చేయవలెననియే కోరుచున్నాము. దేవనకొండలో జరిగినది మన ఎర్రనేలలలోను జరుగవలెనన్న, ఏటి కావలివారి లెక్కలు మనకును మన లెక్కలు వారికిని కావలసియున్నవి. ఆ సంస్థలవారు చెడ్డవారు కారు, తొందరలో నున్నవారు. అయితే వారు వ్రాసి పంపిన పత్రముపై గాదు, మనము వ్రాసిన పత్రముపై సంతకము చేయుదము. తక్కిన రెండు షరతులకు జవాబు రాకున్న ఈ గడువును పోనిత్తుము. నిధులిచ్చువారు మరల పిలువక మానరు, పదేండ్ల మన పుస్తకములు ఎక్కడికిని పోవు. పాలకవర్గములో దీనికి భిన్నముగా తలచువారు కలరు. వారి మాటయు సమావేశమున వినవచ్చును.

సమావేశమునకు వచ్చువారు ఒక చిన్న పని చేసి రావలెనని కోరుచున్నాము. మీ ఊరిలో వేరుశనగ బస్తా ఎన్ని కిలోలో, పచ్చికాయకు వేరుగను ఎండుకాయకు వేరుగను, ఐదు బస్తాలు కాటా వేసి, కాగితముపై వ్రాసి, తూచిన తేదీతో తీసికొని రండు. చదువు రానివారు ఇంటి పిల్లలచే వ్రాయింపవచ్చును.